అయిదువందల యాభై

ఆటోనగర్‌లో ఓ లారీ బాడీ షెడ్డు,
మెట్ల కింద నా సర్వరు.
వెల్డింగు మెరిసినప్పుడల్లా
దాని పచ్చ దీపం ఉలిక్కిపడుతుంది.
నెలకి మూడువేలు నాకు.
మెయిళ్ళు రావాలి, పోవాలి. అంతే పని.

ఏప్రిల్లో భాగస్తులు విడిపోయారు.
షెడ్డు ఏకాంబరం గారికి,
కానూరు వైపు స్థలం మౌలాలి గారికి.
గ్యాస్ సిలిండర్లు పంచుకున్నారు,
గోడ గడియారానికి కూడా ధర కట్టారు.
కంపెనీ పాత పేరు మాత్రం తెగలేదు.
ఇద్దరూ వాడకూడదని ఒప్పందం.
నాగపూర్ వాళ్ళకీ రాయగడ వాళ్ళకీ
ఆ ఒప్పందం ఎవరు చెప్పాలి?
రాస్తూనే ఉన్నారు.

అందుకని ఓ పట్టీ రాశాను.
ఎడమ పక్క పాత పేరు, కుడి పక్క కొత్తది.
సేల్స్‌కి వస్తే ఏకాంబరం గారికి.
అకౌంట్స్‌కి వస్తే ఏకాంబరం గారికి.
ఫిర్యాదులకీ ఆయనే,
మేనేజింగ్ డైరెక్టరుకీ ఆయనే.
నాలుగు కుర్చీలు, ఒకటే లుంగీ.

చివర్న బద్ధకం వేసి
@ ముందు ఏ పేరూ పెట్టకుండా ఒక వరస వదిలాను,
ఎవరి పేరున వచ్చినా రానీ అని.
పెళ్ళి పందిట్లో గేటు తెరిచి
కాపలావాడు పడుకున్నట్టయింది.
తెల్లారేసరికి పదకొండు వేలు:
లాటరీలు, మొలకి మందులు,
దిక్కులేని రాణిగారి ఆస్తి.
మధ్యలో ఎక్కడో ఒకడు పాపం
టిప్పరు తొట్టి కొలతలు అడిగాడు.

ఆ వరస చెరిపేసి
తిప్పి పంపడం నేర్చుకున్నాను.

మొహం తెలియని సర్వరు మొదటిసారి తలుపు కొడితే
కాసేపాగి రమ్మంటాను.
మా నాయనమ్మ వీధిలో వెనకటికి
తలుపుల మీద బొగ్గుతో రేపు రా అని రాసేవారట.
ఆ దెయ్యం నమ్మకంగా రోజూ వచ్చి
చదువుకుని వెళ్ళేదట.
ఈ దెయ్యాలకి అంత ఓపిక లేదు.
పని ఉన్న మనిషి పావుగంటాగి మళ్ళీ కొడతాడు,
అప్పుడు తీస్తాను.

అసలు లేని పేరుకి అయిదువందల యాభై.
అలాంటి మనిషి ఇక్కడ లేడని అర్థం.

"నాంచారయ్యకీ అదే పెట్టెయ్,"
ఏకాంబరం గారు ఎటో చూస్తూ అన్నారు.

నాంచారయ్య పెయింటరు.
లారీ వెనక తలుపుల మీద నెమళ్ళేసేవాడు.
జన్మలో కంప్యూటరు ముట్టుకోలేదు.
ఓ దసరాకి సరదాగా
ఆయన పేరున మెయిలు తెరిపించిందీ ఏకాంబరం గారే.
డ్రైవర్లు ఫొటోలు పంపేవారు:
ఎడమ రెక్క గీసుకుపోయింది బాబాయ్,
ఈసారి తోక కొంచెం పొడుగ్గా.
టీ వేళప్పుడు నేను చదువుతుంటే
బ్రష్షు చెవి మీద దోపుకుని వినేవాడు.
ఇప్పుడు మౌలాలి గారి దగ్గర ఉన్నాడు.

రాత్రి రెండయింది.
లేడు అని రాయడానికి చెయ్యి రాలేదు.
పోస్టుమేనయినా కవరు మీద
చనిపోయినవాడికి ఒక మాట రాస్తాడు,
ఇల్లు మారినవాడికి ఇంకో మాట.
నా దగ్గరా ఉంది ఆ రెండో పట్టీ,
ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు.

అందులో రాశాను.
ఉత్తరం గుమ్మం దాటదు, యజమాని మాట యజమానిదే.
అంకె కూడా అదే, అయిదువందల యాభై.
పక్కన మాట ఒక్కటే వేరు:
మారారు. కొత్త చిరునామా ఇదీ.

తెల్లవారుజామున లాగ్ చూస్తూ కూర్చున్నాను.
అయిదూ నలభైకి వచ్చింది, నాంచారయ్యకి, ఒకటి.
గుమ్మంలోంచే తిరిగిపోయింది
కొత్త చిరునామా పట్టుకుని.
పంపినవారి పేరు చూశాను.
ఏకాంబరం గారు.

నన్ను పరీక్షించారో
ఏమో.

తొమ్మిదింటికి వచ్చి
"తిరిగిపోతున్నాయా?" అన్నారు.
"పోతున్నాయండీ."
కాసేపు మెట్ల దగ్గరే నిలబడి,
ఫ్యాను మోత ఎక్కువైంది,
కాస్త నూనె వెయ్యమని చెప్పి వెళ్ళారు.